గువ్వలకుంట వంతు మబ్బు

ఎర్రకొండ కచేరీ

మబ్బు తోలేవాళ్ళు మజిలీ మజిలీకీ దారి కబురు రాసి పెట్టాలని కచేరీ నియమం. రాస్తున్నది గువ్వలకుంట మారెక్క. చదివేది ఎవరో నాకు తెలియదు, అసలు చదువుతారన్న నమ్మకమూ లేదు. కాబట్టి నాకు తోచినట్టే రాస్తాను. నచ్చనివాళ్ళు వచ్చి ఈ ఎండలో బండి వాళ్ళే తోలుకోవచ్చు.

ఈ పొద్దున మా ఊరి వంతు మబ్బు చేతికొచ్చింది. అప్పగించేటప్పుడు గుమాస్తా మొహం చిట్లించి, "వేసవిలో ఈ రోడ్డున ఎవరూ పోరు. దారిలో పడిపోతే ఎక్కడ పడిందో అక్కడివాళ్ళదే. మళ్ళీ వచ్చి మమ్మల్ని అడగొద్దు" అన్నాడు. మేమేదో సరదా పడి ఎండాకాలాన్ని కోరుకున్నట్టు! వానకారు మబ్బులన్నీ పెద్ద ఊళ్ళు పంచుకోగా మిగిలిన అడుగూ బొడుగూ ఇట్లా, రోడ్ల మీద కుక్క కూడా తిరగని రోజుల్లో మా మొహాన పడేస్తారు.

అయినా నేను నోరు మూసుకున్నాను. ఈ మబ్బు మాకు కావాలి. నిరుడు మా ఊరి చౌడప్ప తోలుకొస్తుంటే కనుమలో వడగాలికి చెదిరిపోయింది. వరసగా రెండో ఏడు కూడా వంతు ఇల్లు చేరకపోతే ఊరిని ఎత్తేస్తారు. ఎత్తేయడమంటే గోడలు ఎక్కడివక్కడే ఉంటాయి, మనుషుల్ని మాత్రం బండ్లెక్కించి పట్నం అంచున రేకుల షెడ్లలో దింపుతారు. పక్కనున్న జాలిపల్లెను అట్లాగే ఎత్తేశారు. వాళ్ళు వదిలేసి పోయిన కుక్కలు ఇప్పటికీ మా ఊరికి కూటికి వస్తాయి.

మా అన్న ఎర్రిస్వామి ఊరి పెద్ద. "ఈసారి మబ్బును మారెక్క తోలుతుంది" అని అందరి ముందూ అన్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ పక్క ఊళ్ళవాళ్ళ మబ్బులు కూలికి తోలాను. మా ఊరి మబ్బును తోలడం ఇదే మొదలు.

మా మోటారు బండి పైకప్పు మీద కొమ్ము ఉంటుంది. దాని మూతికి తాళ్ళతో బిగించిన తోలు సన్నగా మోగుతూ ఉంటే మబ్బు వెనకాలే వస్తుంది. కొమ్ము పక్కనే మంచె. మంచె మీద కూర్చుని గాలి చూడడానికి నాతో వచ్చింది మా వదిన వన్నూరమ్మ. వాళ్ళ పుట్టిల్లు బందారుపల్లె, గాలి చూసే ఇల్లు. ఆ ఇంటి ఆడపిల్లలు ముక్కు పుటాలతోనే పడమర ఏదో తూర్పు ఏదో చెబుతారు.

తోలేవాళ్ళు తలెత్తి మబ్బును చూడకూడదు. వెనకటికి పైకి చూస్తూ తోలి కొందరు లోయలో పడ్డారట. ఆ తర్వాత అది ఆచారమైంది, ఇప్పుడు చూస్తే మబ్బు అలుగుతుందంటారు. నేను నమ్మి పాటిస్తున్నానో అలవాటై పాటిస్తున్నానో చెప్పలేను గానీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ తలెత్తలేదు. రోడ్డు మీద నీడ ఉంటే మబ్బు ఉన్నట్టు. దారి ఎటన్నది మంచె మీది మనిషి మాట. ఆ మాటకు కింద ఉన్నవాళ్ళు ఎదురు చెప్పరు.

బయలుదేరుతున్నాం. చల్లకొండ మీదుగా కనుమ దారిన పోయి ఇల్లు చేరాలన్నది మా లెక్క.

చల్లకొండ విడిది

ఎద్దులబండి నడకతో వచ్చాం. ఇంకాస్త జోరు పెంచితే మబ్బు వెనకబడుతుంది, తగ్గిస్తే మన మీదే కూర్చుంటుంది. దానికి మేం నల్లెనుము అని పేరు పెట్టుకున్నాం. బర్రె లాగే పొద్దెక్కేకొద్దీ మొరాయించింది. ఆపి, ఉప్పు పొగ వేసి, కొమ్ము తోలు మీద తడిగుడ్డ కప్పి, కొండనీడ పడేదాకా కూర్చున్నాం. బండి రేకుల మీద దుమ్ము తుడవడం నా పని, మబ్బుకు పొగ వేయడం వదిన పని.

వానకారులో ఈ విడిదిలో కాలు పెట్టే సందుండదు. మబ్బులు వరసగా పోతుంటే చూడడానికి పట్నం వాళ్ళు పిల్లాజెల్లాతో దిగుతారు. ఇప్పుడు కుర్చీలన్నీ బోర్లించి ఉన్నాయి. కాపలాదారు కుళ్ళాయప్ప తాత కండువా మొహాన వేసుకుని అరుగు మీద పడుకున్నాడు.

"ఎవరమ్మా మీరు? సీజన్ అయిపోయి ఎన్నాళ్ళాయ! టీ లేదు, రూము లేదు, ఏమీ లేదు. పోండి పోండి" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నీడ తెచ్చినాం తాతా. ఒక్కసారి కండువా తీసి చూడు" అంది వదిన మంచె మీది నుంచి.

తీసి చూశాడు. లేచి కూర్చున్నాడు. కాసేపటికి టీ ఏమిటి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కూడా తయారయ్యాయి. మా మబ్బు నీడలో మాతోపాటే కూర్చుని తిన్నాడు. "వేసవిలో మబ్బు కింద కూర్చోవడం నా జన్మలో ఇదే మొదలు. ఇంగ ఎవరన్నా సీజన్ గొప్పలు చెప్తే చెంప వాయిస్తా" అన్నాడు. నాకు భలే గర్వమేసింది. నిజం చెప్పాలంటే ఇంత హాయిగా ఉండి చాలా కాలమైంది. ఊళ్ళో నీళ్ళ కొట్లాటలు లేవు, పిల్లల గోల లేదు, ఖాళీ రోడ్డు, మనతో నడిచే నీడ, మాట్లాడడానికి వదిన.

సాయంత్రం వదిన గోడ మీద మోచేతులు ఆనించి ఉత్తరం వైపు చూస్తూ నిలబడింది.

"మా ఊరు ఆ గుట్టల ఎనకాల" అంది.

"పుట్టిల్లు గుర్తొచ్చిందా? కావాలంటే దింపేసి పోతా. మా అన్నకు ఇంకో పెళ్ళి చేస్తాం" అన్నాను.

"చెయ్యి, చెయ్యి. మీ అన్న గురక కాడ రెండు దినాలు ఎవరు నిలబడతారో నేనూ చూస్తా."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నాకు బాధేసింది. రెండేళ్ళ కింద జనం తగ్గారని బందారుపల్లె వంతునే కొట్టేసింది కచేరీ. వాళ్ళను ఎత్తేయడం కూడా దండగ అనుకున్నారేమో, అట్లా ఎండబెట్టి వదిలేశారు. వదిన ఆ సంగతి ఎన్నడూ ఎత్తదు. నేనైతే ఊరూవాడా ఏకం చేసేదాన్ని. ఆడబిడ్డకు వదినంటే పడదంటారు గానీ మా ఇద్దరి మధ్య ఎన్నడూ పొరపొచ్చం రాలేదు. కాన్పుకు నా పక్కన కూర్చున్నది, నా మొగుడు పోయినప్పుడు నాకు ముద్దలు కలిపి పెట్టింది ఈమే. మబ్బు తోలేటప్పుడు నా వెనక ఈమె ఉందంటే నాకు ఇంక వేరే కళ్ళు అక్కర్లేదు.

కనుమ మొదలు, ఏటి మలుపు

దారి మారింది. కోపంగా రాస్తున్నాను, ఎవరి మీద కోపమో తెలియడం లేదు. వాతావరణం మీద అనుకుందాం.

కనుమ ఎక్కడానికి గేరు మార్చబోతున్నాను, మంచె మీది నుంచి కిందికి మాట తెచ్చే గొట్టంలోంచి వదిన గొంతు వినిపించింది. "మారెక్కా, బండి ఆపు! ఆపు!"

ఆపాను.

"పైన వడగాలి లేచింది. ఎర్ర దుమ్ము సుడి తిరుగుతాంది. ఎక్కినామంటే నిరుటి మాదిరే చెదిరిపోతాది."

నిరుటి పేరు వినగానే ఇంజను కూడా ఆపేశాను. "మరి ఏం చేద్దాం వదినా? ఇక్కడే ఆగుదామా?"

"ఆగితే ఎండకు కరిగిపోతాది. ఏటి దారిన పోదాం. చుట్టే, ఇంకో పూట పడతాది. కానీ గట్ల మధ్యన గాలి ఉండదు."

ఏటి దారి అంటే బందారుపల్లె మీదుగా. పోతే పోనీ, వదిన వాళ్ళమ్మను చూసినట్టూ ఉంటుంది అనుకున్నాను. ఒక్కటి మాత్రం మనసులో గుచ్చుకుంది. బండి దిగి చక్రం కింద రాళ్ళు తీస్తుంటే పక్కన తంగేడు చెట్టు ఉంది. దాని ఆకు ఒక్కటీ కదలడం లేదు. వడగాలి లేచిన కనుమ మొదట్లో ఆకు కదలకపోవడమేమిటి? పైన లేచిన గాలి కిందికి ఇంకా దిగలేదేమో. మంచె మీది మనిషికి కనిపించేది నాకు కనిపించదు. అడగలేదు. అడగడం మర్యాద కాదు.

ఏట్లో చుక్క నీరు లేదు, అంతా ఇసుకే. చక్రాలు రెండుసార్లు దిగబడ్డాయి. తవ్వి, కంప పరిచి, కింద నా కంబళి వేసి బండి లాగాం. వదిన మంచె దిగి నాతోపాటు ఇసుక ఎత్తిపోసింది. నా మెడ మీద తడిగుడ్డ వేసి, "నన్ను తిట్టుకుంటాండావా?" అంది.

"నిన్నెందుకు తిట్టుకుంటాను? గాలిని తిట్టుకుంటాండా" అన్నాను.

వదిన మొహం పక్కకు తిప్పుకుంది. కంట్లో ఇసుక పడిందేమో అనుకున్నాను.

బందారుపల్లె

మా మబ్బు పడిపోయింది.

ఊరి చెరువు కట్ట పక్కనుంచి పోతున్నాం. కొమ్ము మోత ఆగిపోయింది. ఆ మోతకు చెవులు ఎంత అలవాటు పడ్డాయంటే, ఆగిన తర్వాత కాసేపు ఏం ఆగిందో నాకు అర్థం కాలేదు. అద్దం మీద ఒక చినుకు పడింది. మరొకటి పడింది.

"తోలు చిరిగిపోయింది మారెక్కా! గాలి దెబ్బకు చిరిగింది!" గొట్టంలో వదిన అరుస్తోంది.

బండి దూకి రోడ్డు మీద పడ్డాను. అప్పుడు కూడా, అంత పని జరిగిపోతున్నా, నేను తలెత్తలేదు. నేల మీద పడుతున్న చినుకుల్ని రెండు చేతులతో ఆపబోయాను. వాటిని పట్టుకుని మూటగట్టి ఇంటికి తీసుకుపోగలిగితే బాగుండునని చూశాను. దుమ్ములో కూర్చుని, మట్టి ముద్దయ్యేదాకా గుండెలు బాదుకుని ఏడ్చాను. గువ్వలకుంటలో ఆడవాళ్ళంతా ఎండలు ముదిరిన దగ్గర నుంచి చెరువు కట్ట మీదికి తట్టలతో మట్టి మోస్తున్నారు. కట్ట మెత్తి, పూడిక తీసి, ఈ మబ్బు కోసం చోటు చేసి పెట్టారు. వాళ్ళ మొహం ఎట్లా చూడాలి?

అంతలో ఊరు ఊరంతా బయటికొచ్చింది. ముసలివాళ్ళు కూడా గుడిసెల్లోంచి పాక్కుంటూ వచ్చారు. వదిన వాళ్ళమ్మ నన్ను పొదివి పట్టుకుంది. ఒక చిన్నపిల్ల, మూడేళ్ళుంటాయేమో, వాన చూసి ఎరగదు, చేతులు చాచి నిలబడి నన్నడిగింది: "అక్కా, పైన ఎవరు పోస్తాండారు?"

నాకు నవ్వొచ్చింది. ఏడుపు ఆగలేదు, నవ్వూ వచ్చింది. ఆ పిల్ల నా చేయి పట్టుకుని గుంజింది. పోయిందెట్లాగూ పోయింది, కనీసం దాహంతో ఉన్నవాళ్ళ మీద పడింది అనుకున్నాను. లేచి ఆ పిల్లతో గిరగిరా తిరిగాను. నోరు తెరిచి ఆ నీళ్ళు తాగాను. ఏడుస్తూనే ఆడాను. ఊరంతా నాతో ఆడింది. వదిన మాత్రం మంచె దిగలేదు, తడుస్తూ అక్కడే కూర్చుంది. నాకంటే తనే ఎక్కువ కుమిలిపోతోందనుకుని, బండి మెట్టెక్కి ఆమె కాళ్ళు పట్టుకుని, "నీ తప్పేముంది వదినా, గాలికి మనమేం చేస్తాం" అని ఓదార్చాను.

మబ్బు పడిన ఊరు తోలేవాళ్ళకు కడుపునిండా పెట్టాలి. అది ఎక్కడైనా ఉన్నదే. ఓళిగలు పెట్టారు. నేను తిన్నాను. మళ్ళీ వేయమని అడిగాను కూడా.

బందారుపల్లె, మరుసటి పొద్దున

ఇది రాయడానికి చేయి రావడం లేదు. రాస్తాను.

పొద్దున్నే చెరువు చూడబోయాను. అలుగు అంచు దాకా ఉన్నాయి నీళ్ళు. చెరువు కింద మళ్ళలో మగవాళ్ళు అప్పుడే దిగి దమ్ము చేస్తున్నారు. వదిన వాళ్ళ చిన్నాన్న గోనెసంచి భుజాన వేసుకుని గట్టు మీద ఎదురొచ్చాడు.

"చూడమ్మా, మొలక ఎట్లుండాదో! ఒక్క గింజ మురిగిపోలే" అని సంచి మూతి విప్పి చూపించాడు.

వడ్లు. ప్రతి గింజకూ తెల్లటి మొలక.

గుప్పెడు తీసుకుని చూశాను. నేనూ సేద్యం ఇంట పుట్టినదాన్నే. వడ్లు ఒక పగలూ రాత్రీ నానాలి, నానాక గోనెలో కట్టి వెచ్చగా మరో రెండు రోజులు మూసి పెట్టాలి, అప్పుడు గానీ ఇంత మొలక రాదు. వాన పడింది నిన్న. నిన్న నానేసిన వడ్లు ఇవి కావు. మేం ఎర్రకొండ కచేరీ గుమ్మం తొక్కకముందే ఈ వడ్లు నీళ్ళలో పడ్డాయి.

"చిన్నాన్నా, నానేయడానికి నీళ్ళు యాడివి?" అని అడిగాను.

"తాగే నీళ్ళేనమ్మా. ఇంటింటికీ తలా ఇన్ని పోసి..." అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు. సంచి మూతి బిగించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అబద్ధం చెప్పే అలవాటు లేనివాడు, అంతే. నాకు ఏమీ తెలియదన్న సంగతే ఆయనకు తెలియదు.

ఎండిపోయిన ఊరు, గొంతు తడుపుకోవడానికి లేని ఊరు, తాగే నీళ్ళు వడ్లకు పోసింది. మబ్బు ఖాయంగా వస్తుందని ఎవరో మాట ఇస్తే తప్ప ఏ పిచ్చివాడూ చేయడు ఆ పని.

బండి దగ్గరికి పోయి మంచె ఎక్కాను. కొమ్ము తోలు చిరగలేదు. ఒక్క చోట కూడా చిరగలేదు. బిగింపు తాళ్ళు విప్పి, ఎవరో నెమ్మదిగా చుట్టి పక్కన పెట్టి ఉన్నాయి. అవసరం తీరిన తాడును చుట్టి పెట్టడం మా వదిన అలవాటు.

ఆమె పెరట్లో వాళ్ళమ్మ తల దువ్వుతోంది. నన్ను చూడగానే దువ్వెన కింద పెట్టింది.

"తోలు చిరగలేదు" అన్నాను.

"లేదు" అంది.

"కనుమలో వడగాలి?"

"లేదు."

కనీసం కాసేపు బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించి ఉంటే అరిచేదాన్ని. అరవడానికి కూడా చోటు ఇవ్వలేదు.

"యాల చేసినావు వదినా?"

"మా అమ్మను చూసినావు గదా. ఆ పిల్లను చూసినావు గదా. మాకు వంతే లేదు మారెక్కా. అడగడానికి కూడా మాకు గుమ్మం లేదు."

"నన్నడిగేది ఉండె గదా! నీకు నేను లేనా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

సగం ఇచ్చేదాన్నేమో. ఏమో, ఇచ్చేదాన్ని కాదేమో. నా ఊరు, నా పిల్లలు, ఆ రేకుల షెడ్లు గుర్తొచ్చి కొమ్మును ఇంకా గట్టిగా బిగించి తోలుకుపోయేదాన్నేమో. కానీ ఆ సంగతి తేల్చుకునే హక్కు నాది. అది కూడా దోచుకుంది. నిన్న ఈమె కాళ్ళు పట్టుకుని నేనే ఓదార్చాను. పడుతున్నది దోచిన నీళ్ళని తెలియకుండా ఆ నీళ్ళలో ఆడాను. నా ఏడుపును చూస్తూ, నా ఆటను చూస్తూ ఈమె పైన కూర్చుంది. మబ్బు పోయినదానికంటే అది నన్ను ఎక్కువ కాలుస్తోంది.

"నేను నిన్ను ఎంత నమ్మినానో తెలుసా?" అన్నాను.

"తెలుసు. అందుకే చేయగలిగినా" అంది. ఏడుస్తూనే అంది. ఆ ఏడుపు నిజమైనదే, అయినా నాకు జాలి కలగలేదు.

బండి తీశాను. పిలవకుండానే వచ్చి వెనక ఎక్కింది. "నా మొగుడూ పిల్లలూ ఆడనే ఉండారు. తిట్టినా కొట్టినా నా ఇల్లు అదే" అంది. బండి పైన వేసిన నా కంబళి నిన్నటి వానకు తడిసి ముద్దయి ఉంది, దాన్ని చుట్టి పనిముట్ల పెట్టెలో కుక్కి, మూత వేసి, బయలుదేరాను.

కనుమ పైన

కావాలనే కనుమ దారిన వచ్చాను. పైన ఎర్ర దుమ్ము లేదు, సుడి లేదు. గడ్డిపోచ కదలడం లేదు. నిన్న ఈపాటికి మబ్బుతో ఈ మలుపు దిగి ఉండేవాళ్ళం.

ఇక్కడి నుంచి బండి రేడియోలో మాట్లాడితే ఊళ్ళో అందుతుంది. అన్నకు ఎట్లా చెప్పాలా అని బండి ఆపి చాలాసేపు కూర్చున్నాను. నీ పెళ్ళామే మన ఊరి గొంతు కోసిందని ఏ నోటితో చెప్పను? అతను తట్టుకోగలడా? ముందు మబ్బు పోయిందని మాత్రం చెబుదాం, మిగిలింది ఇంట్లో కూర్చుని మెల్లగా చెబుదాం అనుకున్నాను. అన్న మీద జాలిపడుతూ రేడియో మీట నొక్కాను.

"అన్నా, మబ్బు దారిలో పడిపోయింది" అన్నాను.

గరగరలోంచి అన్న గొంతు: "చెరువు అలుగు పారిందా?"

ఏ చెరువు? ఎక్కడ పడిందో నేను చెప్పలేదు.

వెనక్కి తిరిగి వదినను చూశాను. ఆమె తల వంచుకుంది. తన మీద పడ్డ మాటలన్నీ పడింది గానీ మొగుడి పేరు మాత్రం నోట రానివ్వలేదు.

"అన్నా, నీకు తెలుసా?"

"విను మారెక్కా. మన చెరువులో నీళ్ళు నిలవవు. కట్ట కింద అంతా బొరియలు. నేను దిగి చూసినా. ఎంత పోసినా వారం దినాల్లో ఇంకిపోతాది. బందారుపల్లె కట్ట రాతి కట్ట. ఆడ పోస్తే నాలుగేండ్లు బతుకుతారు. ఎట్లైనా మన ఊరు పోయేదే..."

"ఊరోళ్ళకు చెప్పినావా?"

"చెప్తే నమ్ముతారా?"

"కట్ట మీద మట్టి మోస్తాండారు గదన్నా! ఎండలో, ముసలోళ్ళు కూడా! నువ్వు గట్టు మీద నిలబడి చూస్తానే ఉంటివి గదా!"

నేను ఇంకొకటి అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నన్నే యాల పంపిస్తివి? చౌడప్ప లేడా?"

"చౌడప్ప పైకి చూస్తాడు. గాలి ఏదని అడుగుతాడు" అన్నాడు అన్న. తర్వాత, మెచ్చుకుంటున్నట్టే, "నువ్వైతే మాట వింటావు" అన్నాడు.

రేడియో ఆపేశాను. అందరి ముందూ నా పేరు చెప్పినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయని మొదట్లో రాశాను. కొట్టేద్దామని వెనక కాగితాలు తిప్పాను. కొట్టేయలేదు. అట్లాగే ఉండనీ.

గువ్వలకుంట

ఊరు చేరాం. ఇదే చివరి కబురు.

మలుపు తిరిగేసరికి వీధి పొడుగునా జనం. ఇళ్ళ ముందు బిందెలు, పళ్ళేలు, బానలు, ఆఖరికి పిల్లల ఉగ్గు గిన్నెలు కూడా బయట పెట్టారు. అందరూ బండి మీదుగా వెనక్కి, ఆకాశంలోకి చూస్తున్నారు. కాసేపటికి ఒక్కొక్కరే చూపు దించుకున్నారు.

అన్న ముందుకొచ్చాడు. నేను బండి దిగకముందే జనం వైపు తిరిగి, "గాలి మారిందంట. మన రాత అంతే" అన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "గాలి అని చెప్పు చాలు. ఇల్లు ఒకటిగా ఉంటాది. షెడ్లలోకైనా అందరం కలిసి పోదాం. నా మాట విను మారెక్కా" అన్నాడు.

"వినే కదన్నా ఇంతదూరం వచ్చింది" అన్నాను.

చెప్పేశాను. బండి మెట్టు మీద నిలబడి అంతా చెప్పాను. కనుమలో కదలని ఆకు, విప్పిన తాళ్ళు, మొలకెత్తిన వడ్లు, రేడియోలో అన్న అడిగిన మాట. కట్ట కింద బొరియల సంగతి కూడా చెప్పాను. నేను ఆ వానలో ఆడానని, ఓళిగలు మళ్ళీ అడిగి పెట్టించుకున్నానని కూడా చెప్పాను. వదిన బండి లోపలే కూర్చుంది. ఆమె చిన్నకొడుకు అమ్మా అని పోబోతే ఎవరో రెక్క పట్టుకుని ఆపారు. అన్న నిలబడ్డ చోటే నిలబడ్డాడు. అతని పక్కనున్నవాళ్ళు ఒక్కో అడుగు జరిగారు.

ఎవరూ అరవలేదు, ఎవరూ చేయి చేసుకోలేదు. అరిస్తే బాగుండేది. చౌడప్ప ఒక్కడే, "కట్ట సంగతి మాకొక్క మాట చెప్పుంటే రాయి మోసేవాళ్ళం కదప్పా. మట్టి మోసినోళ్ళకు రాయి బరువా?" అన్నాడు.

నేను సామాను దింపసాగాను. పనిముట్ల పెట్టె తెరిచి కంబళి లాగి పక్కన పెట్టాను. పెద్ద నాగమ్మ అక్కడే ఉంది. ఈ వేసవంతా కట్ట మీదికి అందరికంటే ముందు తట్ట ఎత్తింది ఆమె. చూపు ఆనదు. తడుముకుంటూ వచ్చి కంబళి మీద చేయి పెట్టింది.

"ఇది తడిగుండాదే పాపా" అంది.

"ఆ వానలో తడిసింది పెద్దమ్మా. పెట్టెలో ఉండి ఆరలేదు."

ఆమె దాన్ని రెండు చేతులా ఎత్తి మొహానికి అదుముకుంది. చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత పక్కనున్న ఆమెకు ఇచ్చింది. ఆమె మొహానికి అద్దుకుని తన కూతురికిచ్చింది. చౌడప్ప వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. పిల్లలు కొసలు పిండి నాలుకకు రాసుకున్నారు. కంబళి వీధి పొడుగునా చేయి చేయి మారింది.

అన్న దాకా వచ్చింది. అతను చేయి చాచాడు. పక్కవాళ్ళ భుజాలు పట్టుకుంటూ కంబళి వెంటే వచ్చిన పెద్ద నాగమ్మ అతని చేతుల్లోంచి లాక్కుంది.

"నీ వంతు నువ్వు తీసుకుంటివి గదప్పా" అంది.